టీవీ వెనుక దీపం: మీరు అడిగారు, మేం చెబుతున్నాం

బతుకమ్మ పూలు బజారుకు రాకముందే హనుమకొండ చౌరస్తాలో, వరంగల్ స్టేషన్ రోడ్డులో టీవీ ఆఫర్ల ఫ్లెక్సీలు లేస్తాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం టీవీ ప్రశ్నలకే ఇస్తున్నాం.

ఎల్ఈడీ టీవీ అంటే తెర మీది ప్రతి చుక్కా ఒక చిన్న ఎల్ఈడీ బల్బేనా? షాపుల ఎల్ఈడీ, క్యూఎల్ఈడీ, మినీ ఎల్ఈడీ, ఓఎల్ఈడీ అని నాలుగు పేర్లు చెప్పిండ్రు. తేడా ఏంది?
– ఒక పాఠకుడు, హనుమకొండ

కాదు. పేరులోనే తిరకాసు ఉంది. ఎల్ఈడీ టీవీ అని అమ్మేది నిజానికి ఎల్‌సీడీ టీవీయే. ఆ తెర తనంతట తాను వెలగదు, వెనుక నుంచి దీపం పడితేనే బొమ్మ కనిపిస్తుంది. పాత ఎల్‌సీడీల్లో ఆ దీపం సన్నటి ట్యూబులైటు, లోపల పాదరసం ఉండేది. దాని జాగాలో తెల్ల ఎల్ఈడీలు పెట్టగానే టీవీ పల్చబడింది, కరెంటు ఖర్చు తగ్గింది, పేరు మారింది. ఆ తెల్ల ఎల్ఈడీ కూడా పుట్టుకతో తెల్లది కాదు. నీలం వెలుగిచ్చే చిప్ మీద పసుపుపచ్చని ఫాస్ఫర్ పూత పూస్తారు, నీలం వెలుగు తాకితే పసుపు వెలుగిచ్చే పొడి అది. రెండు వెలుగులూ కలిసి కంటికి తెల్లగా తోస్తాయి. నీలం ఎల్ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. ఈ పసుపు పూత సంగతి గుర్తుంచుకోండి, కింద గోదావరిఖని ప్రశ్నలో మళ్లీ వస్తుంది.

దీపం ముందు వెలుగును సమంగా పరిచే తెల్ల షీట్లు ఉంటాయి. వాటి ముందు రెండు పల్చటి గాజు పలకలు, ఆ పలకల నడుమ లిక్విడ్ క్రిస్టల్ ద్రవం, బయటి వైపు ఒక్కో పోలరాయిడ్ పొర. ఒక పొర నిలువుగా ఊగే వెలుగునే పోనిస్తుంది, రెండోది అడ్డంగా ఊగేదాన్నే. కాబట్టి మామూలుగా అయితే ఏ వెలుగూ బయటికి రాకూడదు. నడుమ ఉన్న ద్రవం వెలుగును మెలితిప్పి రెండో పొరలోంచి దాటిస్తుంది. ఎంత తిప్పాలన్నది ఒక్కో గడి దగ్గరున్న ట్రాన్సిస్టర్ ఇచ్చే వోల్టేజీని బట్టి ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ తెరలో 1920×1080, అంటే 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం గడులు మూడు. మొత్తం 62 లక్షల పైచిలుకు కిటికీలు సెకనుకు 60 సార్లు సర్దుకుంటూ ఉంటాయి. ఇంట్లో పోలరాయిడ్ చలువ కళ్లద్దాలుంటే వాటిని తెరకు ఎదురుగా పట్టుకుని మెల్లగా తిప్పండి. ఒక కోణం దగ్గర టీవీ మొత్తం నల్లబడిపోతుంది.

కిటికీ ఎంత మూసినా సందుల్లోంచి కాస్త వెలుగు కారుతుంది. రాత్రి లైట్లార్పి సినిమా చూస్తే నలుపు బూడిద రంగులో కనిపించేది అందుకే. మినీ ఎల్ఈడీలో వెనుక దీపాలు బాగా చిన్నవి, సంఖ్య బాగా ఎక్కువ. వాటిని భాగాలుగా విడగొట్టి, బొమ్మలో నలుపున్న చోట దీపాన్నే తగ్గిస్తారు. నల్లటి సీను మీద తెల్ల సబ్‌టైటిల్ పడితే చుట్టూ చిన్న వెలుగు మబ్బు కనబడుతుంది, అది దాని గుణం. క్యూఎల్ఈడీలో నీలం ఎల్ఈడీల ముందు క్వాంటమ్ డాట్ పొర వేస్తారు, ఆ వెలుగును శుభ్రమైన ఎరుపు, ఆకుపచ్చలుగా మార్చే అతి సన్నటి రేణువులవి. రంగులు శుభ్రపడతాయి గానీ ఒక్క ఆ పొరతో నలుపు మారదు. ఓఎల్ఈడీది మాత్రం వేరే జాతి. వెనుక దీపమే లేదు. ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, తానే ఆరుతుంది, నలుపు కాటుకలా ఉంటుంది. అయితే పొద్దున లేచింది మొదలు ఒకే న్యూస్ చానెల్ నడిచే ఇంటికి అది పనికిరాదు. మూలన కదలని లోగో, కింది పట్టీ కొన్నేళ్లకు తెర మీద మచ్చలా మిగిలిపోవచ్చు. మన ఇళ్లలో టీవీ నడిచే తీరుకు మంచి ఎల్ఈడీయే నయం.

హాలు 12 బై 15. సోఫాకు, టీవీ గోడకు నడుమ 9 అడుగులు. 43 చాలా, 55 కొనాలా? 4కే లేకుంటే నష్టమా?
– ఒక రైతు, పరకాల

ముందు టేపు తీసుకోండి. టీవీ అంగుళాలు మూల నుంచి మూలకు కొలిచినవి, వెడల్పు కాదు. 43 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 96 సెంటీమీటర్లు, 55ది సుమారు 123. షోకేసులో పట్టక వెనక్కి పంపిన టీవీలు తక్కువేం కాదు.

9 అడుగులంటే 108 అంగుళాలు. ఇంట్లో ఎక్కువగా చూసేది కేబుల్ హెచ్‌డీ చానెళ్లయితే దూరాన్ని రెండున్నరతో భాగించండి, 43 వస్తుంది. ఓటీటీ సినిమాలే ఎక్కువైతే రెండుతో భాగించండి, 54 వస్తుంది, అంటే 55 కొనొచ్చు. మామూలు ఎస్‌డీ ప్యాక్ మీదే ఇల్లు నడుస్తుంటే పెద్ద తెర కొనడం దండగ. ఎస్‌డీ బొమ్మలో 720×576 చుక్కలే ఉంటాయి, 4కే తెరలో 3840×2160. లెక్క కడితే ఒక్క చుక్కను సరిగ్గా ఇరవై చుక్కల మీద సాగదీయాలి. మొహాలు మైనం పూసినట్లు కనబడితే తప్పు టీవీది కాదు.

9 అడుగుల నుంచి 43 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీకి, 4కేకు తేడా కంటికి ఆనడం కష్టం. అయినా ఆ సైజు నుంచి పైకి షాపుల్లో ఎక్కువగా 4కేవే దొరుకుతున్నాయి కాబట్టి దానికోసం తల బద్దలు కొట్టుకోకండి. 4కే కన్నా ముందు అడగాల్సింది ప్యానెల్ రకం. ప్యానెల్ అంటే పైన చెప్పిన లిక్విడ్ క్రిస్టల్ గాజు తెర, అందులో వీఏ, ఐపీఎస్ అని రెండు రకాలు ఎక్కువ. వీఏ ప్యానెల్ నలుపు బాగా చూపిస్తుంది, తెలుపు నలుపుల తేడా 3000కు 1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటుంది. ఎదురుగా కూర్చుంటేనే దాని అందం. ఐపీఎస్‌లో ఆ తేడా 1000కు 1 దగ్గర ఉంటుంది, పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా పాలిపోవు. గోడ వారగా మంచం, మరోపక్క కుర్చీలు, గడప దగ్గర నలుగురు కూర్చునే ఇల్లయితే ఐపీఎస్ మేలు. సేల్స్‌మన్‌కు తెలియకపోతే మీరే పక్కకు జరిగి వాలుగా చూడండి. మొహాల రంగు వెలవెలబోతే అది వీఏ అయ్యే అవకాశమే ఎక్కువ.

అట్ట పెట్టె మీది హెచ్‌డీఆర్ ముద్రకు, అంటే వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపిస్తామనే ముద్రకు, ధర కట్టకండి. హెచ్‌డీఆర్ సిగ్నల్ తీసుకోవడం వేరు, దానికి తగ్గ వెలుగు ఇవ్వడం వేరు. నిట్ అంటే తెర వెలుగు కొలత, 250, 300 నిట్ల తెర దాన్ని సరిగా చూపించలేదు. వెలుగు ఎన్ని నిట్లో చెప్పమనండి. పట్టపగలు దర్వాజా తెరిచి చూసే హాలుకు కూడా ఆ అంకెతోనే పని. ధర సంగతికొస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. 32 అంగుళాల దాకా ముందు నుంచీ 18 శాతమే. పన్ను భయంతో చిన్నది తీసుకునే అవసరం పోయింది.

టీవీల మాటలు ఇనబడుతున్నయ్, బొమ్మ లేదు. ఆన్ చేసినప్పుడు ఒక్క క్షణం మెరిసి నల్లగైతది. మెకానిక్ చూసి ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కోండి అంటుండు. టీవీ కొని నాలుగేండ్లే.
– ఒక సింగరేణి కార్మికుడి కుటుంబం, గోదావరిఖని

తొందరపడి కొనకండి. మీరు చెప్పిన గుర్తులన్నీ ప్యానెల్‌వి కావు, వెనుక దీపానివి. రాత్రి అర్రలో లైట్లన్నీ ఆర్పి టీవీ వేయండి. ఫోన్ టార్చిని తెరకు అంగుళం దూరంలో పెట్టి, నేరుగా కాకుండా వాలుగా కొట్టి మెల్లగా జరపండి. టార్చి పడిన చోట మనుషులో అక్షరాలో నీడల్లా కదిలితే ప్యానెల్ బతికే ఉంది, దీపం మాత్రమే ఆరింది. టార్చి వేసినా ఏమీ కనబడక, మాటలు మాత్రం వస్తుంటే అప్పుడు ప్యానెల్‌కు బొమ్మ సిగ్నల్ పంచే టీ-కాన్ బోర్డునో ప్యానెల్‌నో అనుమానించాలి.

లోపల జరిగేది ఇది. వెనుక రేకు మీద ఎల్ఈడీ పట్టీలు వరుసగా ఉంటాయి. మెకానిక్‌లు వీటిని స్ట్రిప్స్ అంటారు. 32 అంగుళాల టీవీలో మామూలుగా రెండు మూడు పట్టీలుంటాయి. ఒక్కో ఎల్ఈడీ మీద చిన్న గోపురం లాంటి ప్లాస్టిక్ లెన్సు ఉంటుంది. ఎల్ఈడీలన్నీ దీపావళి సీరియల్ సెట్టులాగా ఒకదాని వెనుక ఒకటి కలిసి ఉంటాయి కాబట్టి ఒక్కటి కాలి తెగినా వరుసంతా ఆరుతుంది. వాటికి కరెంటిచ్చే డ్రైవర్ దారి తెగిందని గుర్తించి ఒకటి రెండు సెకన్లలో దీపం ఆపేస్తుంది. మీకు ఒక్క క్షణం మెరిసి నల్లబడేది అదే.

ఎల్ఈడీని చంపేది వేడి. కొన్న రోజు నుంచి సెట్టింగుల్లో బ్యాక్‌లైట్, అంటే ఈ వెనుక దీపం, 100 మీదే ఉంచి వాడడం చాలాసార్లు ఒక కారణం. దానికి తోడు మీ వైపు ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, బొగ్గు దుమ్ము వెనుక గాలి సందుల్లో మెత్తగా పేరుకుంటుంది. నెలకోసారి ప్లగ్గు తీసి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో ఆ సందులు దులపండి.

రిపేరుకు ఇచ్చేటప్పుడు నాలుగు మాటలు గట్టిగా చెప్పండి. పోయిన ఒక్క ఎల్ఈడీని మార్చడమో, దాన్ని తీసి తీగతో కలపడమో వద్దు. అలా కలిపితే అక్కడ చీకటి మచ్చ మిగులుతుంది, పక్కవి కూడా అంతే వయసువి కాబట్టి కొద్ది నెలల్లో మళ్లీ మొదటికి వస్తుంది. పట్టీలన్నీ ఒకేసారి మార్చాలి. కొత్తవి మీ మోడల్‌కు సరిపడేవై ఉండాలి. 3 వోల్టుల ఎల్ఈడీలున్న చోట 6 వోల్టులవి వేస్తే డ్రైవర్‌కు పొసగదు. పట్టీ రేకుకు వేడి అందించే టేపుతో అతకాలి, గాలిలో తేలితే త్వరగా కాలిపోతుంది. ఇక ప్యానెల్ గాజును ఇద్దరు మనుషులు పట్టుకునే బయటికి తీయాలి. దాని అంచున సినిమా రీలు ముక్కల్లా పల్చటి ఫిల్ములు వేలాడుతుంటాయి. ఒక్కటి చిరిగినా బతికున్న ప్యానెల్ నిజంగానే చస్తుంది.

బాగై వచ్చాక సెట్టింగుల్లో బ్యాక్‌లైట్ 60, 70 మధ్య పెట్టుకోండి. బ్రైట్‌నెస్ తగ్గిస్తే చాలనుకుంటారు, అది చాలా టీవీల్లో నలుపు ఎంత నల్లగా ఉండాలో చెప్పేది మాత్రమే, దీపాన్ని తగ్గించదు.

ఇదే జబ్బుకు చుట్టాలు కొన్ని ఉన్నాయి. తెర మీద రూపాయి బిళ్లంత తెల్లటి వెలుగు చుక్కలు వస్తే లెన్సులు ఊడిపడ్డాయి. బొమ్మ మొత్తం నీలంగానో ఊదాగానో మారితే పైన చెప్పిన పసుపు పూత వేడికి చెడింది. నిలువు గీతలు వస్తే మాత్రం అది చాలావరకు ప్యానెల్ జబ్బే. వారంటీ దాటిన టీవీకి ప్యానెల్ మార్చే ధర వింటే మీరే కొత్తది కొంటామంటారు.

ఉరుములు మెరుపులప్పుడు మా వీధిల రెండు టీవీలు కాలినయ్. స్టెబిలైజర్ పెడితే ఆగుతదా?
– ఒక పాఠకురాలు, ఏటూరునాగారం

ఆగదమ్మా. స్టెబిలైజర్ పని వోల్టేజీ హెచ్చుతగ్గులు సర్దడం. టీవీకి ఆ అవసరం కూడా తక్కువే. టీవీ వెనుక స్టిక్కర్ చూడండి, 100–240 వోల్టులు అని ఉంటే దానిలోని ఎస్ఎంపీఎస్ అనే కరెంటు సర్దే భాగం తక్కువ వోల్టేజీని తానే తట్టుకుంటుంది. పిడుగు వచ్చేది ఒక్క కరెంటు తీగలోంచే కాదు. స్తంభం నుంచి స్తంభానికి లాగిన కేబుల్ వైరు, మిద్దె మీది డిష్ వైరు, ఇంటర్నెట్ వైరు, అన్నీ దానికి దారులే. డిష్ వైరులోంచి సెట్‌టాప్ బాక్సుకు, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ వైరులోంచి టీవీ మెయిన్ బోర్డుకు చేరుతుంది. స్విచ్ ఆపి ఊరుకుంటే సరిపోదు. మబ్బు పట్టగానే టీవీ ప్లగ్గు, బాక్సు ప్లగ్గు, డిష్ వైరు మూడూ పీకండి. ఉరుములు నెత్తి మీదికి వచ్చాక వైర్లు ముట్టుకోవద్దు.

ఇంకో ప్రమాదం న్యూట్రల్ తెగడం. గాలివానకు లైనులో న్యూట్రల్ ఊడితే ఇంట్లోకి 230 బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. ఒక అర్రలో లైటు మండిపోతున్నట్లు, పక్కింట్లో మినుకుమినుకుమంటున్నట్లు కనిపిస్తే వెంటనే మెయిన్ ఆపి 1912కు ఫోన్ చేయండి. అలా పోయిన టీవీలో చాలాసార్లు పవర్ బోర్డు మీది ఫ్యూజు, దాని పక్కన వారిస్టర్ అనే బిళ్ల మాత్రమే పగులుతాయి. ఆ బిళ్ల తాను కాలి మిగతాదాన్ని కాపాడేందుకే ఉంది. ముందు ఆ రెండూ చూడమనండి, బోర్డు మొత్తం మార్చే మాట తర్వాత.

కొత్త 4కే టీవీ తెచ్చినం. పాత డబ్బా టీవీల్నే బొమ్మ మంచిగుండె అనిపిస్తున్నది.
– ఒక పాఠకుడు, జగిత్యాల

బాక్సు నుంచి టీవీకి ఏ వైరు ఉందో చూడండి. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత వైరే అయితే రోగం దొరికినట్టే. అందులోంచి హెచ్‌డీ బొమ్మ రాదు. హెచ్‌డీఎంఐ వైరు వేసి, బాక్సు సెట్టింగుల్లో రిజల్యూషన్ 1080కి మార్చండి. మీ ప్యాక్‌లో హెచ్‌డీ చానెల్ ఉందో లేదో కూడా చూడండి, ఒకే చానెల్ ఎస్‌డీలో ఒక నంబరు మీద, హెచ్‌డీలో మరో నంబరు మీద ఉంటుంది. తర్వాత పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉంటే స్టాండర్డ్‌కో సినిమాకో మార్చి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. షార్ప్‌నెస్ కొత్త వివరాలేమీ తేదు, అంచుల చుట్టూ తెల్ల గీత గీస్తుంది అంతే. టీవీ స్టోర్ మోడ్‌లో, అంటే షాపులో చూపించే సెట్టింగులో, ఉండిపోతే ఎన్నిసార్లు మార్చినా సెట్టింగులు వెనక్కి పోతాయి, ముందు హోమ్ మోడ్ చేయండి.

తెరను అద్దాలు తుడిచే మందుతో తుడిస్తే ఏమైతది?
– ఒక గృహిణి, కరీంనగర్

రెండు నష్టాలు. తెర పైపొర గాజు కాదు, ప్లాస్టిక్. స్పిరిటు, అమోనియా ఉన్న మందు దాని మీది మెరుపు తగ్గించే పూతను తినేస్తుంది, మేఘాల్లాంటి మచ్చలు పడతాయి. రెండోది ఇంకా చేటు. తెర మీద నేరుగా కొట్టిన నీళ్లు జారి కింది అంచులోకి దిగుతాయి. గోదావరిఖని వారికి చెప్పిన ఫిల్ములు చాలా టీవీల్లో ఉండేది ఆ అంచులోనే. తడి తగిలితే వెంట్రుకంత సన్నటి కనెక్షన్లు తుప్పు పట్టి గీతలు మొదలవుతాయి. టీవీ ఆపి చల్లారనివ్వండి. నల్లటి తెర మీద దుమ్ము బాగా కనబడుతుంది. పొడి మైక్రోఫైబర్ బట్టతో పైనుంచి కిందికి, ఒత్తకుండా తుడవండి. పిల్లల వేలిముద్రలు పోకపోతే బట్టను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, చుక్క కారకుండా పిండి వాడండి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసేది అదే నీళ్లు. పేపరు, పాత బనీను వద్దు.

అన్నట్టు, టీవీ వెనుక బల్లులు చేరకుండా చూసుకోండి. వెచ్చగా ఉంటుందని గాలి సందుల్లోంచి దూరి పవర్ బోర్డు మీద పడితే అది చచ్చేదే కాక బోర్డునూ కాలుస్తుంది.

ఆన్‌లైన్‌ల తెప్పిస్తే పగిలింది వస్తే ఎట్ల?
– ఒక పాఠకుడు, జనగామ

పెట్టె నిలువుగానే వచ్చిందా, మూలలు నలిగాయా చూసి, అట్ట విప్పే ముందు నుంచి ఫోన్‌లో వీడియో తీస్తూ ఉండండి. తెచ్చినాయన ఉండగానే ప్లగ్గు పెట్టి ఆన్ చేయించండి. లోపలి గాజు పగిలితే పైకి చెయ్యి పెట్టి తడిమినా తెలియదు, వెలిగినప్పుడే సాలెగూడులా కనబడుతుంది. ఒక పెన్‌డ్రైవ్‌లో తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల ఉత్త ఫొటోలు ముందే వేసుకుని ఒక్కోటి తెర నిండా చూడండి. చచ్చిన చుక్కలు తెలుపు మీద నల్లగా, వెలిగి నిలిచిపోయినవి నలుపు మీద రంగుగా దొరికిపోతాయి. పెట్టె మీది సీరియల్ నంబరు, టీవీ వెనుకది, బిల్లు మీదిది ఒకటే ఉండాలి. వారంటీ వాళ్లు మొదట అడిగేది అదే.

మాది పాత మట్టి గోడల పెంకుటిల్లు. టీవీ గోడకు పెట్టొచ్చునా?
– ఒక పాఠకురాలు, మంచిర్యాల

వద్దు, బల్ల మీద పెట్టండి. మట్టి గోడలో స్క్రూలు బిగించే ప్లాస్టిక్ ప్లగ్గులు పట్టవు, మొదట గట్టిగా ఉన్నట్టే ఉండి వానకాలం చెమ్మకు వదులవుతాయి. ఇటుక గోడ అయితే స్టాండు కొనేముందు టీవీ వెనుక స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలవండి, 100×100, 200×200 మిల్లీమీటర్ల లాంటి కొలతలుంటాయి, స్టాండు దానికి సరిపడాలి. కూర్చున్నప్పుడు తెర నడిమధ్య కంటి ఎత్తుకు రావాలి, అంటే నేల నుంచి ఇంచుమించు మూడున్నర అడుగులు. దర్వాజా మీద వేలాడదీసిన టీవీ మెడలకు శిక్ష. సాయంత్రపు ఎండకు కాలే పడమటి గోడ కూడా వదిలేయండి.

స్మార్ట్ టీవీ మూడేండ్లకే నత్తలెక్క నడుస్తున్నది.
– ఒక విద్యార్థి, నర్సంపేట

వాడని యాప్‌లు తీసేసి, మిగతావాటి క్యాషే, అంటే లోపల పేరుకున్న తాత్కాలిక డేటా, చెరపండి, టీవీని గోడ స్విచ్ దగ్గర ఆపి మళ్లీ వేయండి. అప్పటికీ అంతే ఉంటే ప్యానెల్ మంచిగున్న టీవీని పారేయొద్దు, స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి హెచ్‌డీఎంఐలో పెట్టండి.

43 టీవీకి నెలకు కరెంటు ఎంత కాలుతుంది?
– ఒక పాఠకుడు, కాజీపేట

80 వాట్ల టీవీ రోజుకు 5 గంటలు నడిస్తే 400 వాట్ అవర్లు, నెలకు 12 యూనిట్లు. వెనుక స్టిక్కర్ మీద మీ టీవీ వాట్లు చూసి ఇదే లెక్క వేసుకోండి. బ్యాక్‌లైట్ తగ్గిస్తే ఇదీ తగ్గుతుంది. జనం మరిచిపోయేది సెట్‌టాప్ బాక్సును. రిమోట్‌తో టీవీ ఆపినా అది రాత్రంతా వెచ్చగానే ఉంటుంది. 10 వాట్ల బాక్సు 24 గంటలూ మెలకువగా ఉంటే నెలకు 7 యూనిట్లు దాటుతాయి, అంటే టీవీ తాగేదానిలో సగానికి పైనే. పడుకునేముందు స్విచ్ దగ్గరే ఆపండి. మళ్లీ వేసినప్పుడు చానెళ్లు లేవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది కాబట్టి, అమ్మ సీరియల్ మొదలయ్యేలోపే వేసి ఉంచండి.